మామ చేసిన బుజ్జి మంచం గురించి

పిల్లలూ,

మొన్న ఫోన్ల అడిగిండ్రు కదా, మామ బిడ్డ బుజ్జిదాని మంచం ఆన్‌లైన్ల పెడితే ఇంటికే వస్తది గద తాతా, మామ రైస్ మిల్లు నుంచి అలిసిపోయి వచ్చి కట్టెలు చెక్కుకుంట ఎందుకు కూసున్నడు అని. ఫోన్ల అయితే సగం చెప్పంగనే మీరు వేరే ముచ్చటకు పోతరు, అందుకే రాస్తున్న.

కొనుక్కుంటే తప్పేం లేదు. కని చంటిపిల్ల మంచంల ప్రతి కొలతకు ఒక కారణం ఉంటది, ఆ కారణం పిల్ల ఒంట్లనే దొరుకుతది, అది ఎరుకైతే కొన్నా చేసుకున్నా ఏది మంచిదో మీకే తెలుస్తది. పక్కలకు నిలువు పట్టీలు ఉంటయి సూడుండ్రి, వాటి నడుమ సందు 6 సెంటీమీటర్లు దాటొద్దు, అమెరికాల దానికి రూలే ఉన్నది. ఎందుకంటే చంటిపిల్లలు పొర్లుకుంట పొర్లుకుంట కాళ్ళ దిక్కు నుంచి సందుల జారుతరు, నడుము సన్నగ ఉంటది కాబట్టి ఒళ్ళంత బయటికి పోతది, తల పెద్దది కాబట్టి అది ఇరుక్కుంటది. మామ 5.5 సెంటీమీటర్ల చెక్కముక్క ఒకటి కోసి పెట్టుకున్నడు, పట్టీ బిగించినప్పుడల్ల ఆ ముక్క పెట్టి సూసుడే, టేపుతోని పనే లేదు. పరుపుకూ మంచం పక్కకూ నడుమ రెండు వేళ్ళు దూరితే ఆ పరుపు పనికిరాదు. మూలలకు గుండ్రటి గుబ్బలు పెట్టమని మీ అమ్మమ్మ అన్నది, సూడ సక్కగుంటదని, మామ వద్దన్నడు. మనోళ్ళు పిల్లలకు నల్లదారం కడతరు కదా, ఆ దారమో గౌనో గుబ్బకు తట్టుకుంటే మెడకు బిగుసుకుంటది.

కట్టె ముచ్చట నాకు అన్నిట్లకంటే ఇష్టం, జర ఎక్కువ రాస్త. మన పాత ఇల్లు విప్పినప్పటి టేకు దూలాలు కొట్టంల ఉండె, కాళ్ళకు, అడుగు పలకలకు అవే వాడిండు. సామిల్లుకు పంపేముందు మొలలన్ని పీకి, లోపల ఇరిగినయి ఏమన్న ఉన్నయా అని అయస్కాంతం పెట్టి సూసిండు, ఒక్క మొల మిగిలినా రంపం పండ్లు పోతయి. రంగు ఏసిన పాత తలుపులు మాత్రం ముట్టలేదు. పాత రంగులల్ల సీసం ఉంటది, సాండ్ పేపర్ పడితే అది దుమ్మై ఇంట్ల పడతది, పిల్లలు పాక్కుంట చేతులు నోట్ల పెట్టుకుంటరు, సీసం మెదడుకే ఎసరు పెడతది. మన దేశంల ఇంటి రంగులల్ల సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళల్ల 90 పాళ్ళు, దాటొద్దని రూల్ అమలైంది 2017లనే, అంతకు ముందటి రంగును నమ్మలేం.

పట్టీలకు కొత్త టేకు తెచ్చిండు. కొత్తది ఆరాలె. ఆరకముందే బిగిస్తే మన నల్గొండ ఎండలకు కట్టె అడ్డంగ కుంచుకపోతది, పొడుగుల మాత్రం దాదాపు మారదు, గట్ల అతుకులు వదులైతయి. ఆరిందా లేదా ఎట్ల తెలుస్తది అంటే అదే ముక్కను వారం వారం తూకమేసుడు, బరువు తగ్గుడు ఆగిందంటే ఆరినట్టు, మిల్లుల కాంటా ఎట్లనో ఉండనే ఉన్నది. కిందికి జారే పక్క ఉన్న మంచాలు ఉంటయి, అవి అమెరికాల 2011లనే బంద్ చేసిండ్రు, ఆ జారే సామాను వదులై పిల్లలు ఇరుక్కున్నరని, అందుకే మన మంచానికి నాలుగు పక్కలు కదలకుంట ఉన్నయి.

ఇగ పని మధ్యల ఎట్ల చేసిండు అన్నరు. మిర్యాలగూడల మిల్లులకు వడ్లు వచ్చే సీజన్‌ల లారీలు లైన్ కడతయి, మామ ఇంటికొచ్చే టైమ్ ఉండదు, ఆదివారం వస్తే దేవరకొండ, మీ అత్త పురుటికి తల్లిగారింట్ల ఉండె కదా. బ్యాంకుల అత్తకు 26 వారాల సెలవు ఉన్నది, 2017ల వచ్చిన సవరణ అది, మామ అసొంటి ప్రైవేట్ నౌకరీ తండ్రులకు గసొంటి చట్టం ఏదీ లేదు, నాకు ఇది అన్యాయమనే అనిపిస్తది. అందుకే పనిని పంచుకున్నడు, రంపం, రంద, దుమ్ము లేచే పనులన్ని పిల్ల ఇంటికి రాకముందే. అవిసె నూనె పూసుడు కూడ అప్పుడే, అది ఆరి వాసన పోవాలె గద. నూనె తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి పడేస్తే వాటంతట అయ్యే వేడెక్కి అంటుకుంటయి, అందుకే పరిచి ఆరేసేటోడు. మూడో నెలల పిల్ల వచ్చినంక చేతి పనులే మిగిలినయి, అది కునుకు తీసినప్పుడు అరగంట, మళ్ళ లేస్తే బంద్. అత్త దూదితోని పట్టీలన్ని రుద్ది సూసింది, పోగు ఎక్కడ తట్టుకుంటే అక్కడ ఇంకా గరుకు ఉన్నట్టు, అక్కడ మళ్ళ సాండ్ పేపర్.

తొట్టెల ఉండంగ మంచమెందుకు అని చిన్నోడు అడిగిండు. మన పాలమూరోళ్ళు వలస పోయిన కాడ చెట్టుకు చీర కట్టి పిల్లను అండ్ల ఏసి తట్టలు మోసేటోళ్ళు, ఆ తల్లులకు వేరే దారి లేకుండె. మనకు ఉన్నది. తొట్టెల్ల పిల్ల ఒంగి పంటది, గదువ ఛాతికి ఆనితే ఊపిరికి కష్టం, పక్కన మనిషి ఉన్నప్పుడు ఊపుకోవాలె. రాత్రి నిద్రకు చదునైన గట్టి పరుపు, ఎల్లెలకల పండబెట్టుడు, లోపల దిండ్లు బొమ్మలు ఏం లేకుంట.

దసరా సెలవులకు మీరు వచ్చేసరికి బుజ్జిది పట్టుకొని నిలబడతది. అప్పుడు మూడు గిర్రల బండి చేస్తం, వెనుక నుంచి పిల్ల నూకేది. లోపల కూసునే ప్లాస్టిక్ వాకర్ వద్దు, మెట్ల మీద నుంచి పడతరని కెనడాల 2004లనే దాన్ని నిషేధించిండ్రు. మన బండి గిర్రలు మరీ ఉరకొద్దు, పిల్ల బరువు మీద పడితే లేవొద్దు, అందుకు ముందటి దిక్కు బరువు కట్టె పెట్టాలె, వేప దుంగ ఒకటి పక్కన పెట్టిన. సాండ్ పేపర్ పని మీదే.

మీ తాత