సౌత్‌గేట్‌పై నెల రోజుల్లో మారిన తీర్పు: దాని వెనక అరవై ఏళ్ల కథ

2024 జూన్ 25న జర్మనీలోని కొలోన్ నగరంలో ఇంగ్లండ్, స్లొవేనియా జట్ల మధ్య మ్యాచ్ ఒక్క గోల్ కూడా లేకుండా ముగిసింది. ఇంగ్లండ్ తన గ్రూపులో మొదటి స్థానం దక్కించుకుని యూరో కప్ నాకౌట్ దశకు చేరింది. అయినా, ఆట ముగిశాక కృతజ్ఞతలు చెప్పడానికి తమ అభిమానులు కూర్చున్న స్టాండ్ వైపు నడిచి వెళ్లిన కోచ్ గ్యారెత్ సౌత్‌గేట్‌ను ఆ అభిమానులే గేలి చేశారు, ప్లాస్టిక్ గ్లాసులు ఆయన మీదికి విసిరారు. పదిహేను రోజులు తిరిగేసరికి, జులై 10న డోర్ట్‌మండ్‌లో నెదర్లాండ్స్‌పై సెమీఫైనల్ గెలిచాక, అదే మనిషికి అవే స్టాండ్ల నుంచి జేజేలు వినిపించాయి. జులై 14న బెర్లిన్ ఫైనల్లో స్పెయిన్ చేతిలో 1-2తో ఓటమి ఎదురైంది. ఆ తర్వాత రెండు రోజులకే ఆయన రాజీనామా చేశారు.

ఒక కోచ్ మీద అభిప్రాయం నెల రోజుల్లోపే ఇన్ని మలుపులు ఎందుకు తిరిగిందన్నది ఇంగ్లండ్ వాళ్లకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. ఆ నాలుగు వారాలూ విజయవాడలో పటమట, కానూరు వైపు హాస్టల్ గదుల్లోనూ ఇదే వాదన నడిచింది. నాకౌట్ మ్యాచ్‌లు మన గడియారం ప్రకారం ఒకటి రాత్రి తొమ్మిదిన్నరకు, మరొకటి అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకు మొదలయ్యేవి. నిద్ర మానుకుని చూసిన ఈ కుర్రాళ్లలో చాలామందికి ఇంగ్లండ్ మీద ప్రేమ జాతీయ జట్టు ద్వారా రాలేదు, వారం వారం చూసే ప్రీమియర్ లీగ్ ద్వారా వచ్చింది. ఆర్సెనల్‌లో సాకా ఎటు నుంచి దూసుకెళ్తాడో, చెల్సీలో పామర్‌కు బంతి ఎక్కడ అందాలో, మాంచెస్టర్ సిటీలో ఫోడెన్ ఏ స్థానంలో ఆడితే రాణిస్తాడో వీళ్లకు కంఠతా వచ్చు. అందుకే లివర్‌పూల్‌లో రైట్ బ్యాక్‌గా, అంటే కుడివైపు డిఫెండర్‌గా పేరు తెచ్చుకున్న అలెగ్జాండర్-ఆర్నాల్డ్‌ను సౌత్‌గేట్ మొదటి రెండు మ్యాచ్‌ల్లో మిడ్‌ఫీల్డ్‌లో నిలబెట్టినప్పుడు, లండన్‌లో ఎంత కోపం వచ్చిందో బెజవాడలోనూ అంతే వచ్చింది.

క్రికెట్‌తో పెరిగిన మనకు ఫుట్‌బాల్‌లోని ఈ తగువు కొంత కొత్తగా అనిపిస్తుంది. క్రికెట్‌లో ఓడితే మనం ముందుగా నిలదీసేది కెప్టెన్‌ను. బౌలర్‌ను మార్చేదీ, ఫీల్డర్లను సర్దేదీ మైదానంలో ఉన్న కెప్టెనే కాబట్టి కోచ్ మీదికి వేలు ఆలస్యంగా వెళ్తుంది. ఫుట్‌బాల్‌లో అది తిరగబడుతుంది. ఎవరు ఆడాలి, ఏ అమరికలో ఆడాలి, ఎవరిని ఎప్పుడు బయటికి పిలవాలి అన్నవన్నీ గీత అవతల నిలబడ్డ మనిషి చేతిలో ఉంటాయి. అయితే ఒక టోర్నీ కోచ్ పేరును ఎలా మార్చగలదో ఆ వారమే మన కళ్ల ముందు కనిపించింది. 2007 ప్రపంచకప్‌లో కెప్టెన్‌గా తొలి దశలోనే ఇంటిముఖం పట్టి, 2023 నవంబర్ 19న అహ్మదాబాద్ ఫైనల్లో కోచ్‌గా ఓడిన రాహుల్ ద్రావిడ్, 2024 జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్‌లో టీ20 ప్రపంచకప్ అందుకుని గౌరవంగా తప్పుకున్నారు. ఇంగ్లండ్, స్లొవేకియా మ్యాచ్ జరిగింది ఆ మర్నాడే.

సౌత్‌గేట్ మోసిన బరువు 1966 నాటిది. ఆల్ఫ్ రామ్సే ఇంగ్లండ్ కోచ్‌గా బాధ్యత చేపట్టాక తొలి మ్యాచ్‌లోనే, 1963 ఫిబ్రవరిలో పారిస్‌లో, ఇంగ్లండ్ 2-5తో ఫ్రాన్స్ చేతిలో చిత్తయింది. అయినా సొంతగడ్డ మీద జరగబోయే ప్రపంచకప్ తామే గెలుస్తామని ఆయన బాహాటంగా చెప్పారు. టోర్నీ తొలి మ్యాచ్ ఉరుగ్వేతో గోల్ లేకుండా డ్రా అయింది. తర్వాత ఆయన వింగర్లను, అంటే మైదానం అంచుల నుంచి దాడి చేసేవాళ్లను పక్కనపెట్టారు. జనానికి ప్రాణమైన జిమ్మీ గ్రీవ్స్ గాయపడితే జెఫ్ హర్స్ట్‌ను దించారు, గ్రీవ్స్ కోలుకున్నాక కూడా ఫైనల్లో హర్స్ట్‌నే ఆడించారు. హర్స్ట్ మూడు గోల్స్ కొట్టి పశ్చిమ జర్మనీపై 4-2తో గెలిపించకపోయి ఉంటే రామ్సే పేరు ఇంగ్లండ్‌లో ఎలా మిగిలేదో ఊహించడం కష్టం కాదు. అదే రామ్సే 1970 క్వార్టర్ ఫైనల్లో అదే ప్రత్యర్థిపై 2-0 ఆధిక్యం 2-1కి తగ్గగానే బాబీ చార్ల్‌టన్‌ను బయటికి పిలిచారు. 2-3తో ఓడాక ఆ ఒక్క నిర్ణయమే ఆయన వెంట పడింది. 1973 అక్టోబర్‌లో వెంబ్లీలో పోలండ్‌తో తప్పక గెలవాల్సిన మ్యాచ్ 1-1 దగ్గర ఆగిపోతుంటే, కెవిన్ హెక్టర్ అనే ఫార్వర్డ్‌ను చివరి రెండు నిమిషాలకు గానీ దించలేదు. ఇంగ్లండ్ 1974 ప్రపంచకప్‌కు అర్హత పొందలేదు. 1966లో ప్రపంచకప్ తెచ్చిన ఆ కోచ్‌ను 1974లోనే పదవి నుంచి తొలగించారు.

ఇంగ్లండ్ అభిమానికి తర్వాత అలవాటైన ఫిర్యాదులన్నీ అప్పటికే పుట్టాయని నా అభిప్రాయం. కోచ్ మరీ జాగ్రత్తపరుడని, మార్పులు ఆలస్యంగా చేస్తాడని, ప్రతిభ ఉన్నవాణ్ని బెంచీ మీద కూర్చోబెడతాడని అప్పుడన్న మాటలే ఇప్పటికీ అంటున్నారు.

మరో ఇంగ్లండ్ కోచ్ బాబీ రాబ్సన్ ఉదంతం ఇంకా దగ్గరగా చూడదగ్గది. 1988 యూరో కప్‌లో ఆయన జట్టు ఐర్లండ్, నెదర్లాండ్స్, సోవియట్ యూనియన్‌ల చేతిలో ఆడిన మూడింటికి మూడూ ఓడింది. టాబ్లాయిడ్ పత్రికలు ఆయన్ని వెళ్లిపొమ్మని పెద్దక్షరాలతో రాశాయి. 1990 ప్రపంచకప్ అయ్యాక పదవి వీడతారని టోర్నీకి ముందే తెలియడంతో ద్రోహి అన్న మాట కూడా పడింది. ఇటలీలో తొలి మ్యాచ్ ఐర్లండ్‌తో 1-1. రెండో మ్యాచ్‌కు రాబ్సన్ తన పాత అమరిక వదిలి, రక్షణ శ్రేణి వెనక అదనంగా మరొకరిని నిలిపారు. బెల్జియంపై అదనపు సమయం ఆఖర్లో డేవిడ్ ప్లాట్ గోల్, కామెరూన్‌పై రెండు లినెకర్ పెనాల్టీలు జట్టును గట్టెక్కించాయి. ట్యూరిన్‌లో పశ్చిమ జర్మనీతో సెమీఫైనల్, సమమైన స్కోరును తేల్చడానికి ఇరు జట్లూ వంతులవారీగా తన్నే పెనాల్టీ షూటౌట్‌లో చేజారింది. అయినా జట్టు లూటన్ విమానాశ్రయంలో దిగినప్పుడు జనం పోటెత్తారు. పేలవమైన ఆరంభం, మధ్యలో అమరిక మార్పు, ఆఖరి నిమిషపు గోల్, అనుకోని గౌరవం అన్న ఈ వరుసే 2024లో మళ్లీ నడిచింది.

ఆ తర్వాతి కాలం గురించి ఎక్కువ చెప్పుకోవలసింది లేదు. ఎందరో కోచ్‌లు వచ్చారు, వారిలో ఇద్దరు విదేశీయులు. ఇంగ్లండ్ మరో అయిదుసార్లు పెనాల్టీ షూటౌట్లలో ఓడి ఇంటికెళ్లింది. వాటిలో 1996 యూరో సెమీఫైనల్లో జర్మనీపై విఫలమైన ఇంగ్లండ్ ఆఖరి పెనాల్టీ సౌత్‌గేట్‌దే. 2016 యూరో కప్‌లో నీస్ నగరంలో ఐస్‌లాండ్ చేతిలో 1-2తో ఓడిన రాత్రే కోచ్ రాయ్ హాడ్జ్‌సన్ రాజీనామా చేశారు. తర్వాత వచ్చిన శామ్ అలార్డైస్ ఒకే ఒక్క మ్యాచ్ తర్వాత వెళ్లిపోయారు. తాత్కాలికంగా కూర్చోబెట్టిన మనిషి సౌత్‌గేట్. అందుకే ఆయన మీద తొలి రోజుల్లో ఎవరికీ పెద్దగా ఆశ లేదు, ఆ ఆశలేమే ఆయనకు కలిసొచ్చింది. 2018లో రష్యాలో కొలంబియాపై గెలిచినది ప్రపంచకప్ చరిత్రలో ఇంగ్లండ్‌కు తొలి షూటౌట్ విజయం. సెమీస్‌లో క్రొయేషియా చేతిలో ఓడినా ఆయన వేసుకున్న వెయిస్ట్‌కోట్ దుకాణాల్లో దొరకనంత గిరాకీ తెచ్చుకుంది.

అసలు చీలిక 2021 జులై 11 రాత్రి వచ్చింది. వెంబ్లీలో ఇటలీతో యూరో ఫైనల్ రెండో నిమిషంలోనే ల్యూక్ షా గోల్ కొట్టాడు. ఇంగ్లండ్ మెల్లగా వెనక్కి తగ్గింది, ఇటలీ మెల్లగా ముందుకొచ్చింది, అరవై ఏడో నిమిషంలో బొనూచి స్కోరు సమం చేశాడు. అదనపు సమయం అయిపోవస్తుండగా, కేవలం పెనాల్టీల కోసం, రాష్‌ఫోర్డ్‌నూ శాంచోనూ దించారు. ఆట వేడిలోకి రాకముందే తన్నిన ఆ ఇద్దరూ, పందొమ్మిదేళ్ల సాకా కూడా విఫలమయ్యారు. ముగ్గురు నల్లజాతి కుర్రాళ్ల మీద జాత్యహంకార దూషణ కురిసింది. ఎవరు తన్నాలో నిర్ణయించింది తానేనని, బాధ్యత తనదేనని సౌత్‌గేట్ ముందుకొచ్చి నిలబడ్డారు. ఆయన్ని మనిషిగా గౌరవించడం, కోచ్‌గా అనుమానించడం, ఈ రెండూ ఒకే రాత్రి మొదలయ్యాయి. 2022 జూన్‌లో హంగరీ చేతిలో సొంతగడ్డపై 0-4తో ఓడినప్పుడు ఏం చేస్తున్నావో నీకే తెలియదంటూ స్టాండ్లు పాడాయి. ఆ ఏడాది చివర ఖతర్ ప్రపంచకప్‌లో ఫ్రాన్స్‌తో క్వార్టర్ ఫైనల్లో జట్టు బాగా ఆడింది, హ్యారీ కేన్ పెనాల్టీ బార్ పైనుంచి వెళ్లింది, 1-2తో ఓటమి. ఆ ఓటమికి ఆయన్ని పెద్దగా ఎవరూ తిట్టలేదు.

కాబట్టి కొలోన్‌లో ఎగిరిన గ్లాసుల్లో ఆ సాయంత్రపు విసుగు కొంతే ఉంది, మూడేళ్లుగా పేరుకున్నది ఎక్కువ. ఆ కోపంలో న్యాయం లేదనను. ఎడమకాలి ఆటగాడు షా గాయంతో కూర్చుంటే కుడికాలి ట్రిపియర్‌ను ఎడమవైపు ఆడించడం వల్ల ఆ పక్క దాడి మొత్తం లోపలికి ముడుచుకుపోయింది. ఆట తెలిసినవాళ్లు అది చూసి ఊరుకోలేరు. కానీ గ్లాసు విసరడానికి అది కారణం కాదు. తన మీదున్న కోపం ఆటగాళ్ల మీదికి వెళ్లకపోవడమే మేలని, అయితే ఇది మామూలు వాతావరణం కాదని సౌత్‌గేట్ అన్నారు.

తర్వాత జరిగినదాన్ని అదృష్టం ఖాతాలో వేసేవాళ్లు బెజవాడలోనూ ఉన్నారు. స్లొవేకియాపై తొంభై అయిదో నిమిషంలో బెల్లింగ్‌హామ్ గాల్లోకి లేచి తల మీదుగా కొట్టిన గోల్ వరకు ఆ మాట ఒప్పుకోవచ్చు. స్విట్జర్లాండ్‌తో క్వార్టర్ ఫైనల్‌కు మాత్రం సౌత్‌గేట్ నలుగురి డిఫెన్స్‌ను ముగ్గురికి మార్చారు, గోల్ పడ్డ మూడు నిమిషాలకే ముగ్గురు కొత్తవాళ్లను దించారు, మరో రెండు నిమిషాలకు సాకా సమం చేశాడు. షూటౌట్‌లో అయిదుగురూ గోల్ కొట్టారు, వాళ్లలో సాకా ఒకడు. సెమీఫైనల్లో ఎనభై ఒకటో నిమిషాన సాక్షాత్తూ కెప్టెన్ కేన్‌ను, ఫోడెన్‌ను బయటికి పిలిచి వాట్కిన్స్, పామర్‌లను పంపారు. తొంభై నిమిషాలు నిండిన క్షణాన పామర్ ఇచ్చిన బంతిని వాట్కిన్స్ గోల్‌కు వీపు పెట్టి అందుకుని, డిఫెండర్‌ను ఆనుకునే తిరిగి, నేల బారున దూరపు మూలకు కొట్టాడు. రామ్సేనీ, 2021 నాటి తనను తానూ ముంచిన ఆలస్యాన్ని ఆయన దిద్దుకున్నారని నేను నమ్ముతాను. అభిమానుల తీర్పు మారింది గెలుపు వల్ల మాత్రమే కాదు, తమ ఫిర్యాదుకు మైదానంలో జవాబు దొరకడం వల్ల.

ఇలా టోర్నీ మధ్యలో తప్పు దిద్దుకుని నిలబడ్డ కోచ్‌లు మరికొందరున్నారు. 2022 ప్రపంచకప్‌లో సౌదీ అరేబియా చేతిలో ఓడి, ముప్ఫై ఆరు మ్యాచ్‌ల అజేయ యాత్ర ముగిసిన అర్జెంటీనాలో కోచ్ స్కలోని మూడో మ్యాచ్‌కల్లా మాక్ ఆలిస్టర్, ఎంజో ఫెర్నాండెజ్, అల్వారెజ్‌లను తొలి పదకొండు మందిలోకి తెచ్చి కప్పు గెలిచారు. కానీ తెలుగువాళ్లకు అందరికంటే ముందు గుర్తుకు రావలసిన పేరు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడింది, అప్పటికి మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతోనే ఆడేవారు. అయినా రహీం చేతుల్లోంచి జట్టును లాక్కోలేదు. 1956 మెల్‌బోర్న్‌లో అదే జట్టు సెమీఫైనల్ చేరి నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తొలి మ్యాచ్ దక్షిణ కొరియా చేతిలో 0-2తో పోయింది. రహీం, తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా, అంటే ముందు నిలబడి గోల్స్ కొట్టే ఆటగాడిగా దించారు. అదే కొరియాపై సెప్టెంబర్ 4న ఫైనల్లో పీకే బెనర్జీ, జర్నైల్ చెరో గోల్ కొట్టగా భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది.

దానికి పూర్తిగా భిన్నమైనది 2019 ఆసియా కప్. జనవరి 6న థాయిలాండ్‌పై 4-1 గెలుపుతో భారత కోచ్ స్టీఫెన్ కాన్‌స్టంటైన్‌ను ఆకాశానికెత్తిన అభిమానులు, జనవరి 14న ఆఖరి నిమిషపు పెనాల్టీతో బహ్రెయిన్ చేతిలో 0-1 ఓటమి రాగానే మౌనం వహించారు. ఆ రాత్రే ఆయన పదవి వదిలేశారు. ఎనిమిది రోజుల్లో ఒక కోచ్ పనితనం అంతగా మారిపోదు.

జాతీయ జట్టు కోచ్‌కు ఆటగాళ్లు దొరికేది ఏడాదిలో కొద్ది వారాలే. క్లబ్ కోచ్ శనివారం తప్పును బుధవారం దిద్దుకుంటాడు. ఇతనికి మళ్లీ అవకాశం రావడానికి ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. అందువల్ల ఒక్కో మ్యాచ్ మీద మోయలేనంత బరువు పడుతుంది. సౌత్‌గేట్ నూట రెండు మ్యాచ్‌లు నడిపి, వరుసగా రెండు యూరో ఫైనల్స్‌కు తీసుకెళ్లారు, అది ఇంగ్లండ్‌లో ఆయనకు ముందు ఎవరివల్లా కాలేదు. ఆయన తర్వాత పూర్తికాలపు కోచ్‌గా 2024 అక్టోబర్‌లో జర్మనీకి చెందిన థామస్ టుకెల్‌ను ప్రకటించినప్పుడు, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఆయనతో తొలుత కుదుర్చుకున్న ఒప్పందం పద్దెనిమిది నెలలది. 2025 జనవరిలో మొదలై 2026 ప్రపంచకప్‌తో ముగిసే ఆ గడువును రాసింది స్టాండ్లలో గ్లాసులు విసిరినవాళ్లు కాదు, సంఘంలో కుర్చీల్లో కూర్చున్నవాళ్లు.