ప్రైమరీ పిల్లలకు బొమ్మలు నేర్పడం: అపోహలు - వాస్తవాలు

రాజమండ్రిలో ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలకు పదిహేనేళ్లుగా డ్రాయింగ్ చెబుతున్నాను. ప్రతి జూన్‌లోనూ తల్లిదండ్రుల నుంచి, ఒక్కోసారి తోటి టీచర్ల నుంచి దాదాపు ఇవే మాటలు వింటాను. "మా వాడికి చెయ్యి తిరగడం లేదండి." "మా పాప మనిషిని సరిగ్గా వెయ్యలేకపోతోంది." "ఆ పీరియడ్‌లో లెక్కలు చెప్పించకూడదా?" ఈ మాటల వెనక ఉన్న అపోహల గురించి, క్లాసులో నేను చూసినదాన్ని బట్టి రాస్తున్నాను.

అపోహ: బోర్డు మీద టీచర్ వేసింది చూసి వేస్తే డ్రాయింగ్ వచ్చేస్తుంది

"సీనరీ వెయ్యండి" అని చెప్పి చూడండి. క్లాసంతా ఒకే బొమ్మ వేస్తుంది. రెండు త్రికోణాల కొండలు, మధ్యలో సగం సూర్యుడు, కొండల నడుమ నుంచి వంకరలు తిరుగుతూ దిగే నది, ఒక పక్క గుడిసె, ఇంకో పక్క కొబ్బరి చెట్టు. అలాంటి చోటుకి ఆ పిల్లల్లో ఎవరూ వెళ్లి ఉండరు. ఎవరో వేసింది చూసి వేశారు, వాళ్లు ఇంకెవరో వేసింది చూసి వేశారు. మా బడికి కూతవేటు దూరంలో గోదావరి ఉంది. రేవు మెట్లు, రైలు వంతెనలు, పడవలు, ఇసుక తిన్నెలు ఉన్నాయి. ఒక్కటీ కాగితం మీదకి రాదు.

అందుకే సీనరీ అన్న మాటే మానేశాను. ముందు పది నిమిషాలు మాట్లాడిస్తాను. నిన్న సాయంత్రం మీ వీధిలో ఏం జరిగింది? నీ పక్కన ఎవరున్నారు? నేల తడిగా ఉందా, పొడిగా ఉందా? ఆ తర్వాతే కాగితాలు పంచుతాను. ఒకసారి మూడో తరగతి అమ్మాయి వాళ్ల నానమ్మ చేపలు తోముతున్న బొమ్మ వేసింది. కత్తిపీట, బూడిద గిన్నె, కాస్త దూరంలో వరసగా కూర్చున్న నాలుగు పిల్లులు. నాలుగు తోకలూ నాలుగు రకాలుగా ఉన్నాయి. బోర్డు మీద నేను ఏం వేసి చూపించినా ఆ తోకలు వచ్చేవి కావు.

అయిదో తరగతి వాళ్లను ఏడాదికోసారి మా ఊళ్లోని దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్తాను. 1897లో పుట్టి, 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకముందే పోయారాయన. ఈ గోదావరి ప్రాంతపు దృశ్యాలు వేశారు. కొండ కనిపించిన చోట పిల్లల్ని ఆపి "ఇందులో త్రికోణం ఎక్కడుంది?" అని అడుగుతాను. దగ్గరికెళ్లి వెతుకుతారు. తర్వాతి వారం వాళ్లు వేసే కొండలు మారతాయి.

అపోహ: బొమ్మ తప్పుగా ఉంటే వెంటనే దిద్దాలి

ఆరేళ్ల పిల్లాడు ఇంటికన్నా అమ్మను పెద్దగా వేస్తాడు. బస్సు వేస్తే లోపల కూర్చున్నవాళ్ల కాళ్లు కూడా బయటికి కనిపిస్తాయి. కింది అంచున నేల గీత, పై అంచున నీలం పట్టీలా ఆకాశం, మధ్యలో అంతా ఖాళీ. వీటిలో ఏదీ తప్పు కాదు. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే కళా విద్యావేత్త 1947లోనే పిల్లల బొమ్మలు వయసుతో పాటు ఎలా మారతాయో దశలవారీగా చెప్పారు. నాలుగేళ్ల దాకా పిచ్చిగీతలు. ఏడేళ్ల దాకా తలకే కాళ్లు మొలిచినట్టుండే మనుషులు, గాలిలో తేలే వస్తువులు. తొమ్మిది దాకా చెట్టుకి ఒక రూపం, మనిషికి ఒక రూపం స్థిరపడతాయి. ఉన్నది ఉన్నట్టు వెయ్యాలన్న కోరిక ఆ తర్వాతే మొదలవుతుంది. ఒక్కొక్కరిలో ఏడాది అటూ ఇటూ కావచ్చు.

చిన్నపిల్లలు కంటికి కనిపించినదాన్ని కాదు, తమకు తెలిసినదాన్ని వేస్తారు. బస్సులో మనుషులు ఉంటారని తెలుసు, అందుకే వేశాడు. అమ్మ ముఖ్యం, అందుకే పెద్దది. లేపాక్షి గుడి లోపలి పైకప్పు మీద వేసిన బొమ్మలో వీరభద్రుడు భారీగా ఉంటాడు, గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ చిన్నగా కనిపిస్తారు. ఆ చిత్రకారులకు కొలతలు రాక కాదు కదా.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పిల్లల కాగితాల మీదే దిద్దేదాన్ని. రబ్బరుతో చెరిపి చేతుల పొడవు సరిచేసేదాన్ని. కొన్నాళ్లకు ఆ పిల్లలే తెల్లకాగితం నా ముందుకు తోసి "మీరే వెయ్యండి టీచర్" అనడం మొదలుపెట్టారు. అది నేను చేసిన నష్టం, ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆ తర్వాత ఏ పిల్లల కాగితం మీదా నా పెన్సిల్ పెట్టలేదు. ఏదైనా చూపించాల్సి వస్తే వేరే కాగితం మీద చూపించి, దాన్ని తీసేస్తాను.

అపోహ: అయితే పిల్లల్ని వాళ్ల మానాన వదిలేస్తే చాలు

ఇది కూడా అంతే ప్రమాదం. దిద్దకపోవడం వేరు, నేర్పకపోవడం వేరు. రంగు మార్చేముందు బ్రష్ కడిగి గుడ్డకు అద్దాలని, లేత రంగులోకి ముదురు రంగును కొద్దికొద్దిగా కలపాలని ఎవరో ఒకరు చెప్పాలి. మట్టి ఏనుగుకి తొండం అతికించేటప్పుడు రెండు వైపులా పుల్లతో గీతలు పెట్టి, పల్చటి మట్టి రాసి నొక్కాలి. లేకపోతే ఆరాక ఊడిపోతుంది, ఆ పిల్ల ఏడుస్తుంది.

నాలుగు, అయిదు తరగతుల్లో నేర్పాల్సింది మరీ ఎక్కువ. అప్పటిదాకా ఉత్సాహంగా వేసినవాళ్లే తొమ్మిది, పదేళ్లు వచ్చేసరికి "నాకు డ్రాయింగ్ రాదండి" అంటారు. నిజానికి వాళ్ల చెయ్యి తగ్గలేదు, కన్ను పెరిగింది. తాము వేసింది అసలుదానిలా లేదని వాళ్లకే తెలుస్తోంది. చాలామంది జీవితాంతం బొమ్మలు మానేసేది సరిగ్గా ఇక్కడే. వీళ్లకు "టాలెంట్ లేదు" అని ముద్ర వెయ్యొద్దు, చూడటం నేర్పండి. నేను ఒక జామాకు చేతికిచ్చి, కాగితం వైపు చూడకుండా, ఆకు అంచు వెంట కళ్లు ఎంత నెమ్మదిగా కదిలితే పెన్సిల్ అంత నెమ్మదిగా కదపమంటాను. మొదటి బొమ్మ వంకరటింకరగా వస్తుంది. నాలుగో బొమ్మకి ఈనెలు వస్తాయి, పురుగు తిన్న చిల్లు కూడా వస్తుంది.

అపోహ: ఆకుకి గోధుమరంగు వేశాడంటే శ్రద్ధ లేదన్నట్టే

నీలం కుక్క, ఊదా సూర్యుడు పిల్లల ఇష్టం, వదిలెయ్యండి. కానీ ఒకే పిల్లాడు ఎప్పుడూ ఆకుపచ్చ, ఎరుపు, గోధుమ రంగుల్నే తారుమారు చేస్తుంటే కోప్పడకండి. అది వర్ణాంధత్వం కావచ్చు. అబ్బాయిల్లోనే ఎక్కువ, తల్లి వైపు నుంచి వస్తుంది. మేనమామకో, అమ్మవాళ్ల నాన్నకో ఉందేమో ఇంట్లో అడిగి, కంటి డాక్టర్‌కి చూపించమనండి. నా క్లాసులో అలాంటి పిల్లాడి క్రేయాన్ల మీద రంగుల పేర్లు రాసి అతికించాం. టెన్షన్ లేకుండా వేసుకున్నాడు.

అపోహ: ఖరీదైన రంగులు కావాలి

బొగ్గు, ఇటుక ముక్క, పాత న్యూస్‌పేపర్, వరండా గచ్చు చాలు. బచ్చలి పండ్లు నలిపితే ఊదా రంగు, మోదుగ పూలు మరిగిస్తే నారింజ రంగు వస్తాయి. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం పడగానే ఎర్రబడటం చూసి క్లాసంతా కేక వేస్తుంది (సున్నం మాత్రం టీచరే కలపాలి, పిల్లల చర్మం మండుతుంది). ముగ్గు ఉండనే ఉంది. పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేవరకు అని పెట్టి గీత కలిపిన పిల్లకు సౌష్ఠవం గురించి నేను వేరే పాఠం చెప్పక్కర్లేదు.

అపోహ: డ్రాయింగ్ పీరియడ్ టైమ్ వేస్ట్

పదో తరగతి దాకా కళలు తప్పనిసరి పాఠ్యాంశంగా ఉండాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమే చెప్పింది. కానీ 2009 విద్యాహక్కు చట్టం పార్ట్‌టైమ్ ఆర్ట్ టీచర్ గురించి చెప్పింది ఆరు నుంచి ఎనిమిది తరగతులకు, అదీ వంద మందికి పైగా పిల్లలున్న బడులకు. ప్రైమరీలో ఆ పని తరగతి టీచర్ మీదే పడుతుంది. "మాకే వెయ్యడం రాదు, ఏం చెబుతాం?" అని వాళ్లు భయపడతారు. మీకు వెయ్యడం రానక్కర్లేదండి. అడగడం, వినడం వస్తే చాలు. "చాలా బాగుంది" అనేసి ముందుకెళ్లకుండా పక్కన కూర్చుని "ఇక్కడ ఏం జరుగుతోంది?" అని అడగండి.

పీరియడ్ అయ్యాక బాగా వచ్చిన అయిదు బొమ్మలు ఏరి గోడకు పెట్టొద్దు. మా క్లాసులో దండెం తాడు ఉంది, పిల్లల కళ్లకు అందేంత ఎత్తులో కట్టాం. అందరి బొమ్మలూ బట్టల క్లిప్పులతో వేలాడతాయి. ఇంటర్వెల్‌లో నీళ్లు తాగడానికి వెళ్లేవాళ్లు అక్కడ ఆగుతారు, ఆ పిల్లుల తోకలు లెక్కపెడతారు.