సువొరోవ్: అపోహలు - వాస్తవాలు

యూరప్ సైనిక చరిత్రను బోధించే వృత్తిలో ఉన్నందున, 18వ శతాబ్దపు రష్యా సేనాని అలెగ్జాండర్ సువొరోవ్ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ అవే కథలు నాకు ఎదురవుతుంటాయి. పూర్తిగా అబద్ధమైన కథను సరిదిద్దడం సులువే. చిక్కంతా సగం నిజాలతోనే.

అపోహ: ఆయన ఓటమి అన్నదే ఎరుగడు.

వాస్తవం: తన నాయకత్వంలో జరిగిన పెద్ద మైదాన యుద్ధాల వరకే ఈ మాట చెల్లుతుంది. 1771 ఫిబ్రవరిలో పోలండ్‌లోని లాంత్స్‌కొరోనా కోటపై ఆయన జరిపిన దాడి విఫలమైంది. మరుసటి ఏడాది క్రాకోవ్ కోట దగ్గరా అదే జరిగింది. ఆ కోట చివరకు దాడికి కాక దీర్ఘ ముట్టడికి లొంగింది. 1788లో ఒట్టోమన్ తుర్కుల కోట ఒచాకోవ్ ముట్టడి సమయంలో, పై సేనాధిపతి పొత్యోమ్‌కిన్ ఆదేశం లేకుండానే పోరుకు దిగి, ఎందరో సైనికులను పోగొట్టుకుని, మెడకు గాయంతో వెనుదిరిగాడు.

అపోహ: తుపాకీని చిన్నచూపు చూసి, బాయొనెట్‌తో (తుపాకీ మొనకు తగిలించే కత్తితో) గుడ్డిగా మీదపడే సేనాని.

వాస్తవం: "తూటా బుద్ధిలేనిది, బాయొనెట్ మొనగాడు" అన్న ఆయన మాటే దీనికి మూలం. సైనికుల కోసం ఆయన చెప్పిన ఆ పాఠంలోనే, తూటాను మూడు రోజులకు, ఒక్కోసారి దండయాత్ర మొత్తానికి దాచుకోవాలనీ, అరుదుగా కాల్చినా గురిచూసి కాల్చాలనీ ఉన్న సంగతిని ఎవరూ ఉటంకించరు. ఆనాటి తుపాకీకి దూరం పెరిగేకొద్దీ గురి కుదిరేది కాదు, మళ్లీ మందు కూరడానికి సమయం పట్టేది. ఆ పరిమితి తెలిసిన మనిషి చెప్పిన లెక్క అది.

గుడ్డి దూకుడు అనేవారు ఇజ్మాయిల్ ఘట్టాన్ని దగ్గరగా చూడాలి. 1790 డిసెంబరులో, డాన్యూబ్ ఒడ్డున ఉన్న ఈ ఒట్టోమన్ కోట ముట్టడిని వదిలి వెళ్లిపోవాలని రష్యన్ సేనానులు నిర్ణయించుకున్న దశలో సువొరోవ్ అక్కడికి చేరాడు. శిబిరానికి దగ్గరలో కోటను పోలిన కందకం, మట్టిగోడ కట్టించి, కట్టెల మోపులతో కందకాన్ని పూడ్చడం, నిచ్చెనలు వేసి పైకెక్కడం రాత్రివేళల్లో సైనికులకు నేర్పించాడు. లొంగిపొమ్మని కబురు పంపి, ఫిరంగులతో కోటను బాది, ఆ తరువాతే తెల్లవారకముందు దాడి మొదలుపెట్టాడు. ఒక దళాన్ని, తరువాతి కాలంలో నెపోలియన్‌పై రష్యా సైన్యాన్ని నడిపిన కుతుజోవ్ నడిపించాడు. (ఈ దాడి తేదీ కొన్ని పుస్తకాల్లో డిసెంబరు 11 అనీ, కొన్నింటిలో 22 అనీ ఉంటుంది, రష్యా అప్పటికి పాత క్యాలెండర్‌నే పాటిస్తున్నందున రెండూ సరైనవే.)

ఆ విజయపు రెండో ముఖం కూడా చెప్పాలి. కోటలో సుమారు 26 వేల మంది హతులయ్యారని అంచనా. ఆపై నగరాన్ని సైనికుల దోపిడీకి వదిలేశారు. 1794లో వార్సా శివారు ప్రాగాలో పౌరులను కూడా ఊచకోత కోశారు. రష్యాలో విగ్రహాలున్న ఇదే సేనాని పేరు పోలండ్‌లో వేరుగా వినిపించడానికి కారణం అదే, ఆ కారణం న్యాయమైనదేనని నా అభిప్రాయం.

అపోహ: రష్యా రాణి కేథరిన్‌పై తిరగబడిన నాయకుడు పుగచోవ్‌ను పట్టుకున్నది ఆయనే.

వాస్తవం: కాదు. 1774లో పుగచోవ్‌ను సొంత అనుచరులే పట్టి అప్పగించారు. బందీని కాపలాతో తరలించడం వరకే సువొరోవ్ పాత్ర.

అపోహ: 1799లో ఆల్ప్స్ పర్వతాలను దాటడం ఒక జైత్రయాత్ర.

వాస్తవం: దాటడం అసాధారణమే. ఫ్రాన్స్‌తో యుద్ధంలో, ఇటలీ నుంచి స్విట్జర్లాండ్ వెళ్లి అక్కడి మరో రష్యా సైన్యాన్ని కలవాలన్న యాత్ర లక్ష్యం మాత్రం నెరవేరలేదు. మిత్రులైన ఆస్ట్రియన్లు పంపుతామన్న కంచరగాడిదలు సమయానికి రాక తావెర్నె దగ్గర విలువైన రోజులు వృథా కాగా, చివరకు కొసక్కుల (రష్యా ఆశ్విక సైనికుల) గుర్రాలపైనే సరుకు వేయవలసి వచ్చింది. గోటార్డ్ కనుమను, డెవిల్స్ బ్రిడ్జిని పోరాడి గెలిచి ఆల్ట్‌డోర్ఫ్ చేరాక, సరస్సు వెంట ముందుకు దారే లేదని తేలింది. పడవలు ఫ్రెంచివారి చేతిలో ఉన్నాయి. కొండలెక్కి ముయోటా లోయలోకి దిగేసరికి, తాము కలవవలసిన కోర్సకోవ్ సైన్యాన్ని జ్యూరిక్ దగ్గర ఫ్రెంచి సేనాని మసేనా అప్పటికే ఓడించాడన్న కబురు అందింది. వెనుక దళం మసేనాను నిలువరించగా, మిగిలిన సైన్యం మంచుతో నిండిన పానిక్స్ కనుమ దాటి, ఫిరంగులను లోయల పాలుచేసి బయటపడింది. సుమారు 21 వేల మందిలో మిగిలింది దాదాపు 15 వేలే. రష్యా చక్రవర్తి పాల్ సువొరోవ్‌కు జెనరలిస్సిమో (అత్యున్నత సేనాని) బిరుదు ఇచ్చింది ఈ తప్పించుకోలుకే. అందులో నాకు అతిశయోక్తి కనబడదు.

అపోహ: ఆయన నెపోలియన్‌ను ఓడించాడు.

వాస్తవం: ఇద్దరూ ఎన్నడూ తలపడలేదు. 1799లో ఇటలీలోని కసానో, ట్రెబియా, నోవి యుద్ధాల్లో ఆయన చేతిలో ఓడినవారు ఫ్రెంచి సేనానులు మొరో, మక్డొనాల్డ్, నోవిలో ప్రాణాలే కోల్పోయిన జూబెర్. అప్పుడు నెపోలియన్ ఈజిప్టు, సిరియాల దండయాత్రలో ఉన్నాడు. అతను ఫ్రాన్స్ తీరం చేరిన 1799 అక్టోబరు 9 నాటికి సువొరోవ్ పానిక్స్ కనుమను కూడా దాటేశాడు.