యాప్‌లో కనిపించే సగటు మీరు కొన్న ధర కాదు: షేర్ల లెక్కలో అపోహలు - వాస్తవాలు

తిరుపతి భవానీనగర్‌లో పన్ను లెక్కలు చూస్తుంటాను. జూలై వస్తే రిటైరైన టీచర్లు, దేవస్థానం ఉద్యోగులు ఫోన్లు చేతబట్టుకుని వస్తారు. చిత్తూరు నుంచి వచ్చిన ఒక మాస్టారు కూర్చుంటూనే, "సార్, యాప్‌లో 34,680 లాభం చూపిస్తా ఉంది, పన్ను ఎంత కట్టాల?" అన్నారు. ఇంటి లెక్కలన్నీ గ్నూక్యాష్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో శ్రద్ధగా రాసుకునే మనిషి. రెండే రెండు ఎంట్రీలు పడలేదు. నిజానికి ఆయనకు వచ్చింది నష్టం.

అపోహ: యాప్‌లో ఉన్న సగటే కొన్న ధర.

వాస్తవం: మాస్టారు 2021లో రిలయన్స్ షేర్లు 100, ఒక్కోటి 2,000 చొప్పున కొన్నారు. మొత్తం 2,00,000. 2023 జూలైలో రిలయన్స్ నుంచి జియో ఫైనాన్షియల్ విడిపోయి, షేరుకో షేరు వచ్చింది. కొన్న ఖరీదులో 95.32 శాతం రిలయన్స్‌కు, 4.68 శాతం జియోకు అని కంపెనీయే చెప్పింది. అంటే 1,90,640, 9,360. 2024 అక్టోబరులో ఒకటికొకటి బోనస్ (కంపెనీ డబ్బు తీసుకోకుండా ఇచ్చే అదనపు షేరు) వచ్చింది. యాప్ 1,90,640ని 200తో భాగించి 953.20 అని చూపిస్తోంది. ఆయన 100 షేర్లు ఒక్కోటి 1,300కు అమ్మారు, అందుకే అందులో 34,680 లాభం కనిపించింది. డీమ్యాట్‌లో (షేర్లు ఎలక్ట్రానిక్ రూపంలో ఉండే ఖాతాలో) ముందు వచ్చినవే ముందు పోయినట్టు లెక్క. కాబట్టి అమ్ముడుపోయినవి 2021 నాటి షేర్లు. 1,30,000 లోంచి 1,90,640 తీసేస్తే 60,640 దీర్ఘకాలిక నష్టం. గడువులోగా రిటర్న్ వేస్తే దాన్ని 8 ఏళ్లు ముందుకు తీసుకెళ్లవచ్చు.

అపోహ: విడిపోయిన కంపెనీ షేరు ఊరికే వచ్చింది, దాని ఖరీదు సున్నా.

వాస్తవం: అది మీ పాత డబ్బులోంచి చీలిన ముక్క. జియో షేరు ఖరీదు 93.60, తేదీ కూడా పాత షేరు కొన్న తేదీయే. సున్నా ఖరీదు బోనస్‌కే. దాని తేదీ కేటాయించిన రోజు. అక్కడి నుంచి 12 నెలలు దాటకుండా అమ్మితే పన్ను 20 శాతం. దాటితే, ఏడాదిలో మొత్తం దీర్ఘకాలిక లాభం 1.25 లక్షలకు మించిన భాగం మీద 12.5 శాతం.

అపోహ: పాత కొనుగోలు ఎంట్రీలో ధర మార్చేస్తే సరిపోతుంది.

వాస్తవం: దయచేసి ఆ పని చేయకండి. ఆ రోజు బ్యాంకు నుంచి పోయింది 2,00,000. దాన్ని దిద్దితే బ్యాంకు లెక్కా తప్పుతుంది, కాంట్రాక్ట్ నోటుతోనూ (బ్రోకరు ఇచ్చే కొనుగోలు పత్రం) కలవదు. మూడేళ్ల తర్వాత ఎందుకు మార్చామో మీకే గుర్తుండదు. కొత్త తేదీతో కొత్త ఎంట్రీ వేయండి. రిలయన్స్ ఖాతాలో షేర్ల సంఖ్యలో మార్పు సున్నా, విలువలో మాత్రం 9,360 తగ్గింపు. ఎదురుగా జియో ఖాతాలో 100 షేర్లు, 9,360. వివరణలో ఆ శాతం కూడా రాసి పెట్టండి. బోనస్‌కు విడిగా 100 షేర్లు, విలువ సున్నా.

అపోహ: స్ప్లిట్, బోనస్ రెండూ ఒకటే.

వాస్తవం: కాదు. స్ప్లిట్‌లో (ఒక షేరును ఎక్కువ షేర్లుగా విడగొట్టడం) మొత్తం ఖరీదు కొత్త సంఖ్య మీద పరుచుకుంటుంది, తేదీ పాతదే. బోనస్‌ను స్ప్లిట్ లాగా రాస్తే మాస్టారుకు జరిగిందే మీకూ జరుగుతుంది.

అపోహ: 2018కి ముందు కొన్నవాటికి 2018 జనవరి 31 నాటి ధర పుస్తకంలో ఎక్కించాలి.

వాస్తవం: పుస్తకంలో అసలు ధరే ఉండాలి. అమ్మినప్పుడు మాత్రం, 2018 జనవరి 31 నాటి గరిష్ఠ ధర, అమ్మిన ధర రెంటిలో తక్కువది తీసుకుని, దాన్ని అసలు ధరతో పోల్చి ఏది ఎక్కువైతే అది ఖరీదుగా పెట్టుకోవాలి. ఆ తేదీకి ముందు వచ్చిన బోనస్ షేర్లకూ ఈ వెసులుబాటు ఉంది. సున్నా వేసుకుని పన్ను కట్టినవాళ్లను చూస్తే బాధేస్తుంది.

బ్రోకరేజీ ఖర్చులో కలుస్తుంది, ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీల మీద పడే పన్ను) కలవదు.

మాస్టారు ఆ రెండు ఎంట్రీలూ నా ఎదుటే వేశారు. మిగిలిన వంద షేర్ల పక్కన "బోనస్, ఖరీదు 0" అని టైపు చేసి, "అయితే ఇవి అమ్మితే వచ్చిందంతా లాభమే కదా సార్" అన్నారు. అవును, అంతా లాభమే.