వాషింగ్టన్ సైన్యంలో పాతికేళ్ల వకీలు

పిల్లలూ,

సైన్యంలో లాయర్లకేం పని అని అడిగారు కదా. రూల్సూ సెక్షన్లూ చెప్తే మీకు నిద్రొస్తుంది, అందుకని ఒక మనిషి కథ చెప్తాను. పేరు విలియం టూడర్, అమెరికాలో బోస్టన్ ఊరివాడు, 1750లో పుట్టాడు. మీ చరిత్ర పుస్తకాల్లో ఆ సైన్యాన్ని నడిపిన జార్జ్ వాషింగ్టన్ ఉంటాడు, బోస్టన్‌లో లాయరుగా ఉండి తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ ఉంటాడు, ఈయన కనపడడు. కానీ వాషింగ్టన్ దగ్గర పనిచేసిందీ, ఆడమ్స్ దగ్గర లా నేర్చుకున్నదీ ఈయనే.

హార్వర్డ్‌లో 1769లో చదువు ముగించి ఆడమ్స్ ఆఫీసులో జూనియర్‌గా చేరాడు. సొంతంగా ప్రాక్టీసు పెట్టి మూడేళ్లయినా గట్టిగా కాకముందే, 1775లో ఇంగ్లండు మీద యుద్ధం మొదలైంది. ఆ జులై 29న కాంగ్రెస్, అంటే అమెరికా వలసల ప్రతినిధుల సభ, ఈయన్ని సైన్యానికి జడ్జ్ అడ్వకేట్‌గా, అంటే సైన్యపు కోర్టుల్లో కేసులు నడిపే లాయరుగా ఎన్నుకుంది. అప్పటికి పాతికేళ్లవాడు, యుద్ధం ఎలా ఉంటుందో తెలియదు. అమెరికా సైన్యంలోని న్యాయ విభాగం ఇప్పటికీ తన పుట్టినరోజుగా ఆ తేదీనే లెక్కేసుకుంటుంది.

అప్పటి ఆ సైన్యం ఎలాంటిదంటే, నిన్నటిదాకా పొలం దున్నుకున్నవాళ్లూ, చెప్పులు కుట్టుకున్నవాళ్లూ తుపాకీ పట్టుకుని వచ్చేశారు. పక్కింటివాడే ఆఫీసరైతే వాడి మాట ఎవడు వింటాడు? కాపలా కాస్తూ నిద్రపోయేవాళ్లు, చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయేవాళ్లు, సరుకులు కాజేసేవాళ్లు, ఇలా రోజుకో కేసు. ఆఫీసరుకు కోపమొస్తే అక్కడికక్కడే శిక్ష వేసేయొచ్చు కదా అని మీకనిపిస్తుంది. అలా వేయకుండా ఆపడానికే ఈ తతంగమంతా.

సైనికుల తప్పుల్ని విచారించే సైన్యపు కోర్టుని కోర్టు మార్షల్ అంటారు. పెద్ద కోర్టు మార్షల్ అంటే కనీసం 13 మంది ఆఫీసర్లు కూర్చోవాలి. 1776 సైనిక నియమాల్లో వేళలు కూడా పెట్టారు, వెంటనే తేల్చాల్సిన కేసులు తప్ప మిగతా విచారణలన్నీ పొద్దున 8 నుంచి మధ్యాహ్నం 3 లోపే జరగాలి. నాకు బాగా నచ్చింది ఓట్ల పద్ధతి. అందరికన్నా జూనియర్ ఆఫీసరు ముందు తన అభిప్రాయం చెప్పాలి, ఆ తర్వాతే పెద్దవాళ్లు. కల్నల్ గారు ముందే "దోషి" అనేస్తే కుర్ర ఆఫీసరు "కాదు" అనగలడా? ఎవరు ఎటు ఓటేశారో బయటికి చెప్పకూడదని ప్రమాణం కూడా చేయించేవారు. ఇంత జాగ్రత్త ఇప్పుడు మన మీటింగుల్లో కూడా ఉండదు.

టూడర్ ఓటు వేయడు. కానీ కేసు నడిపేది ఆయనే, కోర్టుకి చట్టం చెప్పేదీ ఆయనే, ప్రతి మాటా రాసుకునేదీ ఆయనే. చేరిన నెలలోపే వాషింగ్టన్‌కి మొరపెట్టుకుంటూ ఉత్తరం రాశాడు. దాదాపు రోజూ శిబిరంలో ఎక్కడో ఒకచోట కోర్టు మార్షల్ ఉంటోంది, అన్నిటికీ నేనే వెళ్లాలి, మిగిలిన టైమంతా సాక్షుల్ని పిలవడానికీ నకళ్లు రాయడానికీ సరిపోతోంది అని. ఆ ఆగస్టులోనే శామ్యూల్ గెరిష్ అనే కల్నల్‌ని పదవిలోంచి తీసేశారు. ఆ శిక్ష మరీ ఎక్కువైందని జడ్జ్ అడ్వకేటే అనుకున్నాడని తర్వాత వచ్చిన చరిత్రల్లో రాశారు. కేసు నడిపినవాడికే అలా అనిపించిందంటే ఆ మనిషి మీద నాకు గౌరవం పెరిగింది.

అన్నింట్లోనూ ఆయన్ని మెచ్చుకోలేను. 1775 నియమాల్లో కొరడా దెబ్బలు 39కి మించకూడదని ఉండేది. సైన్యపు ఆసుపత్రుల పెద్ద డాక్టర్ బెంజమిన్ చర్చ్ శత్రువుకి రహస్య లిపిలో ఉత్తరం పంపి దొరికిపోతే, ఆ నేరానికి తగిన శిక్షే పుస్తకంలో లేదు. అందుకని చట్టం గట్టిగా ఉండాలని వాషింగ్టనూ టూడరూ కాంగ్రెస్‌ని ఒత్తిడి చేశారు. ఆడమ్స్, జెఫర్సన్ ఉన్న కమిటీ దాదాపు ఇంగ్లండు నియమాలనే ఎత్తి రాసింది, ఎవరి మీద యుద్ధం చేస్తున్నారో వాళ్ల నియమాలనే! 1776 సెప్టెంబరులో దెబ్బలు 100 దాకా పెరిగాయి. గూఢచారికి కఠిన శిక్ష కావాలంటే ఒప్పుకుంటాను, కాపలాలో కునుకు తీసిన రైతుబిడ్డ వీపు మీద 100 దెబ్బలేమిటి?

1777లో రాజీనామా చేసి బోస్టన్ వచ్చేశాడు. మరుసటి ఏడు డీలియా జార్విస్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆమెవాళ్లు ఇంగ్లండు రాజు పక్షం, ఈయన వాషింగ్టన్ మనిషి! వాషింగ్టన్ సైన్యం బోస్టన్‌ని ముట్టడించిన రోజుల్లో బట్టలు మూటగట్టి నెత్తిన పెట్టుకుని ఆమె ఉన్న దీవికి ఈదుకుంటూ వెళ్లేవాడని వాళ్లింట్లో చెప్పుకునేవారట. నిజమెంతో గానీ వినడానికి బాగుంది.

ఆ తర్వాత ఏళ్ల తరబడి బోస్టన్ తరఫున మసాచుసెట్స్ శాసనసభలో కూర్చున్నాడు, సెనేటర్ అయ్యాడు, 1808 నుంచి 1810 దాకా రాష్ట్ర కార్యదర్శిగా చేశాడు. పేరు పెద్దదే గానీ అది రికార్డులు భద్రపరిచే ఉద్యోగం. 1791లో మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీ మొదటి సమావేశం ఈయనింట్లోనే జరిగింది. పాత ఉత్తరాలూ డైరీలూ చెత్తలో కలిసిపోకుండా దాచిన ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. శిబిరంలో చేసిందీ ఊళ్లో చేసిందీ ఒకే రకం పని అనిపిస్తుంది నాకు, జరిగింది జరిగినట్టు రాయడం, రాసింది పోకుండా చూడడం.

డబ్బు విషయంలో మాత్రం దెబ్బతిన్నాడు. తండ్రి ఇచ్చిన ఆస్తి చాలావరకు దక్షిణ బోస్టన్ భూముల వ్యాపారంలో పోయింది, చివరి ఏళ్లలో కోర్టు క్లర్కుగా పనిచేశాడు. కొడుకు ఫ్రెడరిక్ చెరువుల్లో గడ్డకట్టిన మంచుని కోసి ఓడల్లో అమ్మడం మొదలుపెడితే అందరూ నవ్వారు. 1833లో ఆ మంచు కలకత్తా చేరింది. చెన్నై మెరీనా దగ్గర ఐస్ హౌస్ చూశారుగా, వివేకానందుడు 1897లో బస చేసిన ఇల్లు, అది కట్టింది ఆ మంచు దాచడానికే.

టూడర్ 1819లో పోయాడు. అంతకుముందు ఒకటి రెండేళ్లు ముసలి ఆడమ్స్ ఆయనకు వరసగా ఉత్తరాలు రాశాడు, 1761లో జేమ్స్ ఓటిస్ అనే లాయరు బోస్టన్ కోర్టులో ఇంగ్లండు అధికారుల సోదాలకు ఎదురుతిరిగి ఎలా వాదించాడో అని. ఓటిస్ వాదన గురించి ఇప్పుడు మనకు తెలిసినదాంట్లో చాలా భాగం వాటినుంచే వచ్చింది. యాభై ఏళ్లు దాటాక గుర్తు తెచ్చుకుని రాసినవి కాబట్టి ఆడమ్స్ కొంచెం పెంచి రాశాడని చరిత్రకారులు అంటారు. చదివితే నాకూ అలాగే అనిపించింది.

మీ తాతయ్య