సోషియో ఎకనామిక్స్ డిగ్రీ: లెక్కల భయంతో మాత్రం చేరకండి

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి డిగ్రీ అడ్మిషన్లు ముగిసేదాకా నాకు ఇదే ప్రశ్న. "సార్, మా పాపకి మ్యాథ్స్ అంటే భయం. సోషియో ఎకనామిక్స్‌లో లెక్కలుండవంట కదా, చేర్పించేయమంటారా?" ఎవరు చెప్పారంటే పక్కింటివాళ్ళని ఒకరు, వాట్సాప్‌లో వచ్చిందని ఇంకొకరు. విశాఖలో డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్, సోషియాలజీ కలిపి పాఠం చెప్పేవాడిని కాబట్టి ముందు దీని సంగతే తేల్చాలి. మిగతా అపోహలు మనసు నొప్పిస్తాయంతే. ఇది అవకాశాలను మింగేస్తుంది.

అపోహ: ఆర్ట్స్ కదా, లెక్కలుండవు.

ఉంటాయి. డిమాండ్ రేఖ వాలుతో మొదలై అవకలనం (డిఫరెన్షియేషన్), సగటు, విచలనం (అంకెలు సగటుకు ఎంత దూరంగా ఉన్నాయో), సహసంబంధం (రెండు అంశాల మధ్య లంకె) మీదుగా రిగ్రెషన్ (ఒకటి మారితే ఇంకోటి ఎంత మారుతుందో అంచనా వేయడం) దాకా వెళ్తాయి. సోషియాలజీ వైపు మొగ్గినా సర్వే పద్ధతులు, శాంపిల్ ఎంపిక తప్పవు.

ఎందుకు తప్పవో మా పిల్లలకు జాలరిపేటలో తెలుస్తుంది. సర్వే ఫారంలో "నెలసరి ఆదాయం" అని ఒక గడి ఉంటుంది. వేటకెళ్ళేవాళ్ళకు నెల జీతం ఎక్కడిది? వేట నుంచి తిరిగొచ్చాక డీజిల్, ఐసు ఖర్చులు తీసేసి, బోటు యజమాని వాటా పోగా మిగిలింది పంచుకుంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో 61 రోజులు వేట నిషేధం, ఆ రోజుల్లో మరబోట్లు కదలవు. చేపలు అమ్మేది ఎక్కువగా ఆడవాళ్ళు, కాబట్టి ఇంట్లోకి రోజూ ఎంత వస్తోందో వాళ్ళకే బాగా తెలుసు. ఇదేమీ తెలియని కుర్రాడు గుమ్మంలో కూర్చున్న మగాయన్ని అడిగి ఏదో అంకె వేసుకొచ్చేస్తాడు. ఎవరిని, ఎప్పుడు, ఎలా అడగాలో నేర్పేది సోషియాలజీ. తెచ్చిన అంకెతో ఏం చేయాలో చెప్పేవి ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్. ఇందులో ఏది లేకపోయినా ఆ ఫారం చెత్తకాగితమే.

క్లాసులో నేను చేయించే లెక్క ఒకటుంది. ఒక వీధిలో ఐదిళ్ళ ఆదాయం వరుసగా 8, 9, 10, 12, 61 వేలు అనుకోండి. ఆ చివరిది బోటు యజమానిది. సగటు 20 వేలు వస్తుంది. మిగతా నాలుగిళ్ళలో ఏ ఒక్కటీ ఆ సగటు దరిదాపుల్లో లేదు. మధ్యగతం, అంటే వరుసలో సరిగ్గా మధ్యలో ఉన్న అంకె, చూస్తే 10 వేలు. 15 వేలు దాటితే సాయం లేదని నిబంధన పెట్టి, సగటు చూసి ఆ వీధిని పక్కన పెట్టేస్తే అన్యాయమైపోయేది ఆ నాలుగిళ్ళే. దీనికి కావలసింది కూడిక, భాగహారం. మ్యాథ్స్ అంటే వణికే పిల్లలు కూడా ఇది నోటితో చేసేస్తారు.

ఇక లెక్కలు తప్పించుకుంటే ఏం పోతుందో చెప్తాను. పెందుర్తి నుంచి వచ్చే ఒకమ్మాయి, ఇంటర్‌లో హెచ్ఈసీ. ఫీల్డ్ వర్క్‌లో ఆమె అంత ఓపిగ్గా మాట్లాడేవాళ్ళను నేను తక్కువ మందిని చూశాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్ఎస్‌సీ సీజీఎల్‌లో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టు మీద ఆశ పెట్టుకుంది. జాతీయ నమూనా సర్వేల పని, అచ్చంగా ఆమెకు సరిపోయేది. ఆ పోస్టుకు డిగ్రీ ఏదైనా ఫర్వాలేదు గానీ, 12వ తరగతి మ్యాథ్స్‌లో కనీసం 60 శాతమైనా ఉండాలి, లేదా డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా అయినా చదివుండాలి. ఆమెకు రెండూ లేవు. స్టాటిస్టిక్స్ తీసుకునే వీలున్నా, మార్కులు పోతాయని సీనియర్లు అంటే మానేసిందట. నోటిఫికేషన్ ప్రింటవుట్‌లో ఆ లైను కింద పెన్సిల్‌తో గీత గీసి తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. తెలివిలేక పోయిన ఉద్యోగం కాదది. ఎవరో నోటికొచ్చింది చెప్పడం వల్ల పోయింది.

పీజీ దగ్గరా ఇదే గొడవ. ఐఐటీల్లో పీజీ సీట్ల కోసం రాసే జామ్ పరీక్షలో 2021 నుంచి ఎకనామిక్స్ పేపరుంది, అందులో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ సిలబస్‌లో భాగం.

హెచ్ఈసీ, సీఈసీ పిల్లలూ, ఇది చదివి టెన్షన్ పడకండి. మీకు కావలసింది ఎంపీసీ మ్యాథ్స్ అంతా కాదు. మొదటి సెమిస్టర్‌లోపు పదో తరగతి పుస్తకం తీసి సమీకరణాలు, శాతాలు, గ్రాఫులు మళ్ళీ చేయండి. అవకలనం సంగతి మేం క్లాసులో చూసుకుంటాం. మీలాంటివాళ్ళు రెండో సంవత్సరానికి రిగ్రెషన్ పట్టిక చదివి వివరించడం నేను ఏటా చూస్తున్నాను.

అపోహ: రెండు పడవల మీద కాళ్ళు, ఏదీ పూర్తిగా రాదు.

2009లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ పీహెచ్‌డీ చేసింది రాజనీతి శాస్త్రంలో. చేపల వేట, అడవి, సాగునీరు లాంటి ఉమ్మడి వనరులను జనమే ఎలా కాపాడుకుంటారో చూపించారామె. 2002లో నోబెల్ వచ్చిన డేనియల్ కానమన్ సైకాలజిస్టు. జర్మనీలో హాంబర్గ్ విశ్వవిద్యాలయం ఎకనామిక్స్, మేనేజ్‌మెంట్, న్యాయశాస్త్రం, సోషియాలజీ నాలుగూ కలిపి బ్యాచిలర్ డిగ్రీ ఇస్తోంది.

అపోహ: గ్రూప్స్, సివిల్స్ తప్ప వేరే దారి లేదు.

గ్రూప్స్‌కు దాదాపు ఏ డిగ్రీ అయినా చాలు, దానికోసమే ఇందులో చేరక్కర్లేదు. సర్వే సంస్థలు, ఎన్జీఓలు, మైక్రోఫైనాన్స్, కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) విభాగాలు ఫీల్డుకు వెళ్ళి డేటా తెచ్చి రిపోర్టు రాయగలిగేవాళ్ళను తీసుకుంటాయి. మొదట్లో జీతాలు ఐటీ స్థాయిలో ఉండవు, అది దాచను. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ మీద మనసుంటే మాత్రం ఎకనామిక్స్‌లో పీజీ తప్పనిసరి.

అపోహ: బీటెక్ సీటు రానివాళ్ళ కోర్సు.

దీనికి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. సీటు వచ్చినా వదులుకుని వచ్చినవాళ్ళు మా క్లాసులో ఉన్నారు.

అపోహ: సర్టిఫికెట్ మీద ఒట్టి ఎకనామిక్స్ అని లేకపోతే ఎంఏకి తీసుకోరు.

కొన్నిచోట్ల పేరు చూస్తారు, కొన్నిచోట్ల ఎకనామిక్స్ పేపర్లు ఎన్ని చదివారో చూస్తారు. అందుకే కాలేజీకి వెళ్ళినప్పుడు ఫీజు సంగతి కంటే ముందు అన్ని సెమిస్టర్ల సిలబస్ అడిగి తీసుకోండి. ఎకనామిక్స్ పేపర్లు ఎన్ని, స్టాటిస్టిక్స్‌ను మైనర్‌గా (రెండో సబ్జెక్టుగా) ఇస్తున్నారా, ఫీల్డ్ వర్క్‌కు మార్కులున్నాయా చూడండి. పాప వెళ్ళాలనుకుంటున్న పీజీ నోటిఫికేషన్, ఉద్యోగ నోటిఫికేషన్ పక్కన పెట్టుకుని లైను లైను సరిచూడండి. అర్థం కాకపోతే ఆ కాగితాలు పట్టుకుని ఏ ఎకనామిక్స్ లెక్చరర్ దగ్గరికైనా వెళ్ళండి, కూర్చోబెట్టి చెప్తారు.