సెర్బియా రాకుమారి హెలెన్: అపోహలు - వాస్తవాలు

ఐరోపా రాజవంశాల చరిత్రను బోధించే నాకు, రష్యాను ఏలిన రొమానోవ్‌ల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ హెలెన్ గురించి ఈ పొరపాటు మాటలే వినిపిస్తుంటాయి.

అపోహ: రాజు కూతురు కనుక బెల్‌గ్రేడ్ రాజప్రాసాదంలో పెరిగారు.

వాస్తవం: 1884లో మాంటెనెగ్రోలోని సెటినేలో ఆమె పుట్టేనాటికి తండ్రి పీటర్ ప్రవాసంలో ఉన్నారు, సెర్బియా సింహాసనం ఆయనకు 1903లో గాని దక్కలేదు. తల్లి జోర్కా 1890లోనే కన్నుమూశారు. రష్యా రాజకుటుంబానికి కోడళ్లుగా వెళ్లిన పినతల్లులు మిలిట్సా, అనస్తాసియాల అండన ఆమె సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని స్మోల్నీ విద్యాసంస్థలో చదువుకున్నారు.

అపోహ: పెళ్లితో ఆమె గ్రాండ్ డచెస్ అయ్యారు.

వాస్తవం: కాలేదు. 1911లో ఆమెను పెళ్లాడిన ఇవాన్ కాన్‌స్టాంటినోవిచ్ మొదటి నికోలస్ చక్రవర్తికి మునిమనవడు. గ్రాండ్ డ్యూక్ బిరుదును చక్రవర్తుల కొడుకులకు, మనవలకే పరిమితం చేస్తూ మూడో అలెగ్జాండర్ తెచ్చిన నిబంధన వల్ల ఇవాన్ ప్రిన్స్‌గా, ఆమె ప్రిన్సెస్‌గా ఉండిపోయారు.

అపోహ: బోల్షివిక్కులు భర్తతో పాటు ఆమెనూ చంపేశారు.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే పొరపాటు ఇదే, ఎందుకంటే ఆమె తెగువంతా ఇందులో కనుమరుగవుతుంది. 1918లో ఇవాన్‌ను ప్రవాసానికి పంపినప్పుడు, ఇద్దరు చిన్నపిల్లలను అత్తగారికి అప్పగించి ఆమె తనంతట తానే భర్త వెంట ఉరల్ ప్రాంతంలోని అలపాయెవ్‌స్క్ దాకా వెళ్లారు. పిల్లల దగ్గరికి తిరిగి వెళ్లమని ఆయన నచ్చజెప్పాక బయలుదేరి, దారిలో యెకాతెరిన్‌బర్గ్‌లో ఆగి, గద్దె దిగిన జార్ (రష్యా చక్రవర్తి) రెండో నికోలస్ కుటుంబాన్ని బంధించిన ఇపాతియెవ్ ఇంటికే వెళ్లి, తుపాకులు పట్టుకున్న కాపలాదారులను నికోలస్‌ను చూడనివ్వమని అడిగారు. వారు ఒప్పుకోలేదు, ఆ తర్వాత ఆమెను అరెస్టు చేశారు. జూలై 18న అలపాయెవ్‌స్క్ సమీపాన ఇవాన్‌ను, ఆయన ఇద్దరు తమ్ముళ్లను, జార్ భార్యకు అక్క అయిన ఎలిజబెత్ ఫ్యోదొరోవ్నాను, మరికొందరిని పాడుబడిన గనిలోకి తోసేసే సమయానికి ఆమె నిర్బంధంలోనే ఉన్నారు. పెర్మ్ జైలు నుంచి మాస్కోలోని క్రెమ్లిన్‌కు తరలించిన ఆమెను నార్వే దౌత్యవేత్తల చొరవతో ఆ ఏడాది చివర విడిచిపెట్టారు. అప్పటికే అత్తగారు పిల్లలను స్వీడన్‌కు చేర్చారు. హెలెన్ అక్కడే వారిని కలుసుకున్నారు. మళ్లీ పెళ్లి చేసుకోకుండా పిల్లలను పెంచిన ఆమె 1962లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో మరణించారు.

అపోహ: జార్ చిన్నకూతురు అనస్తాసియా బతికే ఉందనడానికి హెలెన్ సాక్షి.

వాస్తవం: ఆమె చెప్పింది ఇందుకు పూర్తిగా విరుద్ధం. పెర్మ్ జైల్లో అనస్తాసియా రొమానోవా అని చెప్పుకున్న ఒక యువతిని తన గదికి తెచ్చి చూపించారని, ఆమె జార్ కూతురు కాదని తాను చెప్పానని హెలెన్ తరువాత వివరించారు. 1991లో వెలికితీసిన, 2007లో దొరికిన అవశేషాలకు జరిపిన డీఎన్‌ఏ పరీక్షల్లో జార్ నలుగురు కూతుళ్ల ఆనవాళ్లూ లభించాయి.